అంచులు కోయని పుస్తకం

నవంబరు పద్నాలుగు, గురువారం. ఈ ఉదయం స్టేషనుకు రాగానే తెలిసింది, కేసు మా మామయ్యను కొట్టినవాళ్ల మీద కాదు, జనాన్ని రెచ్చగొట్టే పుస్తకం రాశారంటూ టీచరుగారి మీద పెట్టారని. రాత్రే ఆమెను అరెస్టు చేశారట.

నాకు పంతొమ్మిదేళ్లు. డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ అయ్యాక మేనమామ బైండింగు షాపులో పనిచేస్తాను. కాలేజీ పోటీల్లో నేను మాట్లాడితే అందరికంటే ముందు చప్పట్లు కొట్టేది ఆయనే.

నిన్న సాయంత్రం నాలుగింటికి టీచరుగారి పుస్తకాలు కుట్టి, అట్టలు అంటించి ఆరబెట్టాం. సమ్మె చేసిన కూలీల మీద కాల్పులు జరిపించింది, ఊరంతా పెద్దాయన అని పిలుచుకునే పాత నాయకుడేనని అందులో ఉంది. పెద్దాయన పోయి ముప్పయ్యేళ్లయినా ఆయన విగ్రహం లేని వీధి లేదు.

అయిదింటికి, మా వీధి చివర వ్యాయామశాల నడిపే వస్తాదు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"పెద్దాయన్ని తిట్టిన పుస్తకం ఏదిరా?"

"ఇంకా అంచులు కోయలేదు బాబూ. పేజీలే తెరుచుకోవు. ఏం చదివి వచ్చారు?" అన్నాడు మామయ్య.

"నువ్వు నాకు చదువు చెప్తావా?"

ఒక పుస్తకం తీసి దాంతోనే మొహం మీద కొట్టాడు. మామయ్య పన్ను ఊడి జిగురు గిన్నెలో పడింది. తర్వాత ఆయన కుడిచేతిని పుస్తకాలు నొక్కే ఇనుప ప్రెస్సులో పెట్టి చక్రం తిప్పారు. ఒక చుట్టు. మామయ్య అరవలేదు. ఇంకో చుట్టు. అరిచాడు. ఇంకో చుట్టు. నేను వస్తాదు వీపు మీద సుత్తితో కొట్టాను. అదీ ఈ వాంగ్మూలంలో రాయమన్నాను. నా జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టారు.

అంబులెన్సులో మామయ్య, "నీకిక చప్పట్లు కొట్టేవాడు లేడే అమ్మడూ" అని నవ్వబోయాడు. ఆస్పత్రిలో మూడు వేళ్లు తీసేశారు.

ఇన్‌స్పెక్టరుగారు మొదట 'తోపులాట' అని రాశారు. తోపులాటలో ఎవరూ చక్రం తిప్పరు. మార్చమన్నాను. మార్చారు.

పుస్తకం చదివి ఆవేశం ఆపుకోలేకపోయామని వస్తాదు చెప్పాడట. చదివామంటూ అతనిచ్చిన ప్రతిని ఇక్కడ నాకు చూపించారు. మామయ్య నెత్తురంటిన ప్రతి. దాని అంచులు కోయలేదు. కాగితాల మడతలు మూసుకునే ఉన్నాయి. కోస్తే గాని చదవలేరు. చదివినా సరే, ఒకరి చెయ్యి నలగ్గొట్టకూడదు.

"ఈ చివరి వాక్యం అక్కర్లేదమ్మా" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"అక్కరుందండీ" అన్నాను. ఉంచారు.

ఇదంతా నా కళ్లెదుట జరిగింది. రాసినదాన్ని నేనే చదువుకుని, దిద్దించి, ఇష్టపూర్వకంగా సంతకం చేస్తున్నాను. రేపు ఉదయం పదింటికి టీచరుగారి బెయిలు విచారణ. ఆ ప్రతిని మేజిస్ట్రేటుగారి ముందు తెరవమని అడుగుతాను. కోర్టులోకి కత్తి రానివ్వరు కాబట్టి మడతలు కోయడానికి స్కేలు తీసుకెళ్తాను.

(సంతకం)