అభిమాని చేసిన పోస్టర్

ఫిల్మ్ నగర్ ఆఫీసులో నిర్మాత తన ఫోన్‌ను పోస్టర్ డిజైనర్ ముందుకు తోశాడు.

"చూడవయ్యా! ఎవడో అభిమాని సరదాగా చేసిన పోస్టర్. నెట్‌లో జనం ఊగిపోతున్నారు. నువ్వేమో హీరోని చీమంత చేశావు."

"స్వర్గీయులైన మీ నాన్నగారి ఫొటో హీరో కంటె పెద్దగ ఉండాలన్నది మీరే గద సార్."

"మా నాన్నగారి జోలికి రాకు. ముందా కుర్రాణ్ణి పట్టుకురా. ఇకమీద నా సినిమాలన్నీ వాడికే."

"గీడనే ఉన్నడు సార్. మీరు మొదట్ల వద్దని పారేసిన పోస్టరే అది. కడుపు మండి, అభిమాని పేరు పెట్టుకొని నేనే వదిలిన."

"నువ్వా?"

"నేనే సార్."

"సర్లే, అదే ఖాయం చేద్దాం. పైన మా నాన్నగారికి కాస్త చోటు చూడు."