ఒట్టి నీళ్లను కొలిపించిన మేడమ్ గారు

“ఆ వెలుగు కళ్లలో పడితే చూపు పోదు కదా మేడమ్?”

1994 ఆగస్టు ఒకటో తేదీ సోమవారం నాడు జీవభౌతిక శాస్త్ర విభాగంలో అధ్యాపకురాలిగా చేరిన మేడమ్ గారికి ఇక్కడ లభించిన తొలి స్వాగత వచనం ఇదే. పలికింది స్టోర్స్ గుమాస్తా. మేడమ్ గారి పదవీ విరమణ వేళ ఈ నాలుగు మాటలు రాస్తున్నదీ ఆ గుమాస్తాయే. లేజర్ పరికరం అప్పటికింకా అట్టపెట్టెలోంచి బయటికే రాలేదు. మేడమ్ గారు నవ్వలేదు. “పోతుంది. అందుకే అద్దాలు పెట్టుకుంటాం. మీకూ ఒక జత తెప్పించుకోండి,” అన్నారు. భయపడినందుకు వెక్కిరించకుండా, భయానికి తగిన అద్దాలు ఇప్పించిన పై అధికారిని ఆ గుమాస్తా అంతకు ముందు చూసి ఎరగదు.

తొలినాళ్లలో వారికి దక్కినవి కిటికీ లేని ఒక గది, అదురు తగలకుండా గాలి దిండ్ల మీద తేలే ఒక ఇనుప బల్ల మాత్రమే. కంటికి ఆనని పూసను కాంతి కిరణంతో పట్టి ఉంచి, దానికి ప్రొటీన్ పోగును తగిలించి, మెల్లగా లాగి, అది ఏ విధంగా విచ్చుకుంటుందో కొలవడం వారి పరిశోధన. అనంతర కాలంలో సహాచార్యులుగా, ఆచార్యులుగా, శాఖాధిపతిగా కుర్చీలు మారాయే గాని, ఉదయం రాగానే వారు అడుగుపెట్టేది ఆ గదిలోకే. వారి పర్యవేక్షణలో డాక్టరేట్ కోసం చేరిన ప్రతి విద్యార్థీ మొదటి నెలలన్నీ ప్రొటీన్ మొహం చూడకుండా, ఒట్టి నీళ్లలో ఒట్టి పూసనే కొలవాలి. “పరిశోధనకు వచ్చామా, నీళ్లు తోడడానికి వచ్చామా?” అని కొత్తవాళ్లు గొణుక్కునేవారు. ఏం చూపించినా “మళ్లీ చెయ్యి” అంటారు గనుక చాటున “మళ్లీ మేడమ్” అని పేరు కూడా పెట్టారు. ఒకనాడు ఆ పేరు తలుపు అవతలి నుంచి వినబడితే, మేడమ్ గారు తల లోపలికి పెట్టి, “ఏదీ, మళ్లీ అను,” అన్నారట.

ఆ గుమాస్తా కూతురే వారి ఆఖరి విద్యార్థిని. పిల్ల చేరిన నాటి నుంచి తల్లి గుండె గుప్పిట్లోనే ఉంది. మూడో ఏట ఆ అమ్మాయి కొలతల్లో ప్రొటీన్ ఒక్కసారిగా కాక మెట్టు మెట్టుగా విచ్చుకుంటున్నట్టు కనబడింది. అంతవరకు ఎవరూ చూడని విశేషమన్నారు. వ్యాసం సిద్ధమైంది. పక్క గది ప్రొఫెసర్ గారు పార్టీ ఎప్పుడని అడిగారు.

“నీళ్లు కొలిచావా?” అన్నారు మేడమ్ గారు.

“మొదటి ఏడాదే కొలిచాను కదా మేడమ్.”

“ఈ వారం కొలిచావా?”

కొలిచింది. ప్రొటీన్ లేని ఒట్టి నీళ్లలోనూ అవే మెట్లు. కారణం వెతికితే, గోడ అవతల గదిలోకి మధ్యలో వచ్చిన కొత్త ఫ్రిజ్ తేలింది. దాని మోటారు ఆగి మొదలైనప్పుడల్లా గోడా, దానికి ఆనుకున్న బల్ల మీది పూసా రవ్వంత కదులుతున్నాయి. దాన్ని అక్కడ పెట్టించింది మేడమ్ గారే.

“అంతా అయిపోయింది కదా, వదిలేయండి. ఎవరికి తెలుస్తుంది?” అన్నారు పక్క గది ప్రొఫెసర్ గారు.

“ఎవరికీ తెలియదు. నాకదే భయం,” అన్నారు మేడమ్ గారు.

అమ్మాయి ఇంట్లోనే ఉండిపోయింది. ల్యాబుకు వెళ్లదు, కంచం ముందు కూర్చున్నా మెతుకు ముట్టదు. చదువు మానేస్తుందేమో, అంతకన్నా కానిది చేసుకుంటుందేమోనని తల్లి ఇంట్లో తలుపులకు గడియలు పడనివ్వలేదు. చివరికి మేడమ్ గారి గదికి వెళ్లింది.

“పిల్ల రాయిలా కూర్చుంది మేడమ్. ఏం ఫరవాలేదని ఒక్క అబద్ధం చెప్పండి.”

“చెబితే కనిపెట్టేస్తుందమ్మా. కనిపెట్టడం నేర్పింది నేనే. శుక్రవారం మీటింగుకు తీసుకురండి. మీరూ కూర్చోండి.”

పదవీ విరమణకు ముందు జరిగిన ఆ చివరి సమావేశంలో, టీకి పిలిచిన ఆఫీసు సిబ్బంది అందరి సమక్షంలో, మేడమ్ గారు లేచి నిలబడ్డారు.

“ఫ్రిజ్ అక్కడ పెట్టించింది నేను. గోడ సంగతి చూసుకోనిది నేను. ఈ అమ్మాయి కష్టాన్ని బూడిదలో పోసింది నేను,” అన్నారు. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగారు. “వచ్చే నెల నుంచి ఈ గది తాళం నా దగ్గర ఉండదు. ఫోను ఉంటుంది. ఇప్పుడు చెప్పు, ఏం చేద్దామనుకుంటున్నావు?”

ప్రశ్న ఎవరిని అడిగితే వారికి తప్ప ఇంకెవరికీ నోరు విప్పే హక్కు లేదన్నది వారి సమావేశాల నియమం. పక్క గది ప్రొఫెసర్ గారు దగ్గబోయి ఆగిపోయారు. టీలు చల్లారాయి. వెనక వరుసలో గుమాస్తా, కూతురి వీపు చూస్తూ, అంతసేపు ఊరికే ఉండలేక, మేడమ్ గారి కోసం మనసులోనే కోరుకోసాగింది: వారి మోకాళ్లు మొరాయించకూడదని, బీపీ మాత్ర ఒక్క పూటైనా మరవకూడదని, తడిసిన గచ్చు మీద కాలు జారకూడదని, ఇన్నేళ్లు చీకటి గదిలో అలసిన కళ్లకు చూపు తగ్గకూడదని, కంటి నిండా నిద్రతో, అయినవాళ్ల మధ్య, సంపూర్ణ ఆరోగ్యంతో వారు నిండు నూరేళ్లు వర్ధిల్లాలని. సహోద్యోగులందరి పక్షాన ఇక్కడ సమర్పించవలసిన శుభాకాంక్షలూ అవే. అంతకన్నా మంచివి ఆమెకు తోచలేదు.

అప్పటికి ఆ అమ్మాయి గొంతు సవరించుకుంది.

“మెట్లు లేవని రాస్తాను మేడమ్. మనం ఎలా పొరబడ్డామో కూడా రాస్తాను. కాస్త టైం పడుతుంది.”