గంటంపావు ఆకాశం

పూర్ణా మార్కెట్ దగ్గర కరీం బాషా టీ బంకులో శ్రీరామ్మూర్తి బావ నోరు విప్పాడంటే మేం గ్లాసులు కింద పెట్టేసేవాళ్ళం, నవ్వుకి టీ ఒలికిపోతుందని. స్టీల్ ప్లాంటు ఇంకా కడుతున్న రోజులవి. బావ పోర్టులో క్రేన్ నడిపేవాడు. ఆ పైనుంచి విమానాల్ని మనకన్నా కాస్త దగ్గరగా చూస్తాడు కాబట్టి వాటి మీద తనకేదో హక్కుందనుకునేవాడు.

యారాడ నుంచి రోజూ చేపలమ్మడానికొచ్చే దేముడమ్మ ఆ పొద్దున్న గంప లేకుండా వచ్చి బల్ల మీద కూలబడింది. హైదరాబాదులో ఆమె తమ్ముడు గురువులుకి సాయంత్రం ఆపరేషన్. అక్కని చూసేదాకా లోపలికెళ్ళనని మొండికేశాడట. రైలైతే రేపు గాని దిగదు. మధ్యాహ్నం విమానానికి తమ్ముడి ఆఫీసరు టికెట్టు కొనిపెట్టాడు. టికెట్టు కొంగున ముడేసుకుంది గానీ ఎక్కడానికి ఆమెకి కాళ్ళు రావడం లేదు.

“సీరామ్మూర్తన్నా, ఎంత దూరం? ఎంతసేపడతాది?”

“దూరమేటి సెల్లీ! రైలంటే ఒడ్డంట తిరిగి తిరిగి ఏడొందల కిలోమీటర్లెల్తాది. ఇమానం కొండల మీంచి తిన్నగా ఐదొందలే. గంట, మహా అయితే గంటంపావు. మా ఆఫీసరుగారి పెట్టి మోసుకెల్లి నానూ ఎక్కాను గదా.”

ఇక్కడిదాకా నమ్మేశాం. అక్కడ ఆగితే ఆయన మా బావెందుకవుతాడు?

“ఆ తర్వాత ఏటైందో తెలుసా? కరీం ఇచ్చిన టీ గ్లాసుతో సహా ఎక్కీసేను. ఒక గుటక ఇక్కడ, రెండో గుటక హైద్రాబాదులో. నాలిక కాలిపోనాది!”

“ఆ గ్లాసేది బావా?” అన్నాడు కరీం.

“ఉండెహె! ఇంకోసారి వంజరం సేప పట్టుకెల్లాను. దిగీసరికి సంచీలో గెంతుతన్నాది. మూడోసారి డ్రైవరు మరీ గట్టిగా తోలీసేడు, నా నీడ ఇక్కడే ఉండిపోనాది. నాను దిగి, బిర్యానీ తిని, సెయ్యి కడుక్కుంతంటే అప్పుడొచ్చింది, ఆయాసపడుకుంటా!”

“దానికీ బిర్యానీ పెట్టించావేటి?” అన్నాను నేను.

“ఆకలి నేదన్నాదిరా. తిరుగు ప్రయాణం ఇను. ఎంత బేగి ఒచ్చీసేనంటే, మా ఇంటిది ఇంకా గుమ్మంలో నిలబడి నన్ను సాగనంపుతన్నాది. నాకు నానే ఎదురయ్యాను. ‘ఎక్కడికిరా?’ అనడిగేను. ‘హైద్రాబాదు’ అన్నాను. ‘ఎందుకూ, ఎల్లొచ్చీసేం గదా’ అని ఇద్దరం ఇంట్లోకెల్లిపోనాం!”

బంకంతా గొల్లుమంది. దేముడమ్మ ఒక్కతే నవ్వలేదు.

“నువ్వెప్పుడూ ఎక్కనేదన్నా,” అంది మెల్లగా.

“అదేటి సెల్లీ...”

“మా ఇంట్లో తొలిసారి సంద్రం మీద ఏటకెల్లొచ్చినోడు ఎక్కడ భయమేసిందో ముందు సెప్పాల. అప్పుడే కంచం పెడతాం. సేపల లెక్కలు ఆ తర్వాత. మా ఆయన ఒడ్డు కనపడకపోయీసరికి ఏడ్సేనని సెప్పేడు. నువ్వు మూడుసార్లెల్లావు. ఒక్కసారైనా భయమేసిందన్నావా?”

బావ తన చేతులకేసి చూసుకున్నాడు.

దేముడమ్మ లేచి కొంగు దోపుకుంది. “ఎంత దూరమైతే ఏటి? ఆడు నాకోసం సూత్తన్నాడు. ఎల్తాను.”

“ఏరోడ్రం దాకా నానొత్తాను సెల్లీ,” అంటూ బావా లేచాడు. నాలుగడుగులేశాక అడిగాడు, గొంతు తగ్గించి: “ఒచ్చాక సెప్తావా, ఆ పైన ఎలాగుంటాదో?”

“సెప్తాను. నువ్వు మాత్రం మద్దెలో మాటాడకూడదు.”

బావ బుద్ధిగా తలూపాడు.