తాళాల బాబాయి, మొండి నోరు

తాళాల బాబాయి ఎలాంటి తాళమైనా తీయగలడు గానీ తన నోటికి ఒకటి వేసుకోలేడని ఆ వీధిలో అందరికీ తెలుసు. మారు తాళంచెవులు చేసే ఆయన కొట్టు సెలూన్‌కి ఎదురుగానే ఉంటుంది. పొద్దున్నే కొట్టు తెరిచే ముందు గడ్డం గీయించుకోవడానికి వస్తాడు. కుర్చీలో వెనక్కి వాలి, మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టించుకోగానే మొదలుపెడతాడు. మొహం మీద కత్తి ఆడుతున్నా మాట ఆగదు. ఆయన దవడ ఎప్పుడు కదులుతుందో ఎప్పుడు ఆగుతుందో చూసుకుని గీయడం సెలూన్ నడిపే కత్తెరకి అలవాటైపోయింది. అతని అసలు పేరు మర్చిపోయి జనం కత్తెర అనే పిలుస్తారు.

ఆ రోజు కత్తెర చూపుడువేలికి కట్టు ఉంది. బల్ల మీద పేపరు చదువుకుంటున్న మాస్టారు అది చూసి, కత్తితో గానీ తెగిందా అని అడిగారు. తెగలేదు, మా అమ్మాయి కరిచింది అన్నాడు కత్తెర.

నాలుగేళ్ల పిల్ల. మూర్ఛ వచ్చినప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఒక చెంచా మందు పడాలి, ఒక్క రోజు కూడా తప్పకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. పిల్ల పళ్లు బిగబడుతుంది. ఎలాగో పోస్తే బుగ్గలో దాచుకుని, పెరట్లోకి వెళ్లి ఊసేస్తుంది. మొన్న బడిలో మళ్లీ పడిపోయింది.

"అది సరే, కరవడం దేనికి?" అన్నారు మాస్టారు.

"నిన్న బాబాయి చెప్పినట్టు గడ్డం కింద తట్టానండీ."

పక్కనే కూర్చున్న టైలరు కిసుక్కున నవ్వాడు. బాబాయి మాత్రం ఏమాత్రం తగ్గలేదు.

"నువ్వు నిన్న సగం విని పరిగెత్తావు. తట్టడం అందరూ తడతారు నాయనా, ఎక్కడ తట్టాలన్నదే విద్య. మొదటి నుంచీ చెప్తాను విను. మా మనవడికీ రోజూ మందే కదా, వాడు మూతి బిగించాడంటే ఇక అంతే, మా అబ్బాయి కాళ్లు పట్టుకునేవాడు, కోడలు చేతులు పట్టుకునేది, మీ పిన్ని ముక్కు మూసేది, అయినా నోరు తెరిస్తే ఒట్టు. ఇంట్లో వంకర పోని చెంచా లేదంటే నమ్ము. నేను చూసి చూసి, జరగండి అన్నాను. నా చేతిలో తెరుచుకోని తాళం ఇంకా పుట్టలేదు, ఇదెంత? వాడి బుగ్గకి చెవి ఆనించాను. ప్రతి తాళానికీ లోపల ఒక చప్పుడుంటుంది. అది వినబడగానే గడ్డం కింద చిటికెన వేలితో ఒక్కటి వేశాను. టక్కున తెరుచుకుంది."

కత్తెర కత్తి ఆపాడు. "చిటికెన వేలా? నేను చూపుడువేలు పెట్టాను."

"అందుకే కరిచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెరుచుకున్న నోరు సాయంత్రం దాకా మూతపడలేదు. మందు పోశాం, పాలు పోశాం, మధ్యాహ్నం ఓ పిచ్చుక వచ్చి వాడి నోట్లో పుల్లలు చేర్చడం మొదలుపెట్టింది."

"గుడ్లు పెట్టిందా?" అన్నాడు టైలరు.

"పెట్టేదే, మీ పిన్ని తోలేసింది. సరే, ఈ సంగతి ఆనోటా ఈనోటా పడి పెద్దాసుపత్రికి చేరింది. కారు పంపారు. వెళ్లి చూద్దును కదా, ఈ చివరి మంచం నుంచి ఆ చివరి మంచం దాకా మూతులు బిగించిన పిల్లలే. ఒక్కొక్కణ్ణీ తడుతూ కూర్చుంటే ఎప్పటికి తెమిలేను? గోడ మీద తట్టాను. వార్డు వార్డంతా నోళ్లు తెరిచింది. నర్సులూ తెరిచారు. పెద్ద డాక్టరూ తెరిచాడు. ఆయన భార్య అక్కడే ఉందేమో, ఇదే సందని ఆయన బీపీ మాత్ర నోట్లో పడేసింది. పెళ్లయినప్పటి నుంచీ ఆవిడ వల్ల కాలేదట పాపం."

మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు అని గొణిగారు. అది బాబాయి చెవికి ఎక్కలేదు, ఆయన అప్పటికే జూకి వెళ్లిపోయాడు. అక్కడ ఒక మొసలికి కడుపునొప్పట. బకెట్టు నిండా మందు కలిపి పెట్టుకుని, దగ్గరికి వెళ్లే ధైర్యం లేక అందరూ గోడెక్కి కూర్చున్నారట. బాబాయి పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగి, దాని దవడకి చెవి ఆనించాడట.

"తట్టాను. తెరిచింది. బకెట్టు మందూ తాగి, ఇంకా లేదా అన్నట్టు నా వంక చూసింది. అసలు సంగతి అది కాదు. ఆ తట్టిన చప్పుడు ఊళ్లోకి పాకి, బజారులో షట్టర్లన్నీ వాటంతట అవే పైకి లేచిపోయాయి. పాపం దొంగలు, ఏ కొట్లో దూరాలో తేల్చుకోలేక ఇళ్లకి పోయి పడుకున్నారు."

టైలరు పొట్ట పట్టుకుని నవ్వాడు. కత్తెరకి నవ్వు రాలేదు. రేపు తెల్లవారుతుంది, మళ్లీ ఆ చెంచా, ఆ బిగబట్టిన పళ్లు. మొసలి ఎలా పోయినా, గడ్డం కింద సరిగ్గా ఎక్కడ తట్టాలో తన మొహం మీదే చూపించమని బాబాయిని బతిమాలాడు. అది చూపిస్తే వచ్చేది కాదు, చేతివాటం అని బాబాయి కళ్లు మూసుకున్నాడు.

కత్తెర ఇంకేమీ అనకుండా నురుగు తుడిచి, చిన్న దువ్వెనతో ఆయన మీసం దువ్వబోయాడు. దువ్వెన చిక్కుకుంది. తెల్లటి మీసంలో ఒక పక్క గులాబీ రంగు, జిగట. ఇదివరకూ చాలాసార్లు చూశాడు గానీ ఏ మిఠాయో తిన్నాడనుకుని తడిగుడ్డతో తుడిచేసేవాడు. ఆ రోజు ఎందుకో వంగి వాసన చూశాడు. తమ ఇంట్లో దిండు మీద, పిల్ల గౌను మీద, పెరటి మెట్ల మీద ఉండే వాసనే అది.

"బాబాయ్, మందు మీ మనవడి గొంతులోకి దిగితే నీ మీసానికి ఎలా అంటుకుంది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు బాబాయి చెయ్యి మీసం మీదికి పోయింది. బల్ల మీద ఇద్దరూ ముందుకు వంగారు.

"నవ్వడానికి అడగట్లేదు," అన్నాడు కత్తెర. "పిల్ల మళ్లీ పడిపోతుందేమోనని భయంగా ఉంది బాబాయ్."

బాబాయి అద్దంలో అతని మొహం చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ సెలూన్‌లో అలా జరగడం అదే మొదలు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు.

"రెండు చెంచాలు పెట్టుకో. మొదటి దాంట్లో అయిపోయిన సీసా కడిగిన నీళ్లు. అది ఊయడానికే. వాడు నోటినిండా తీసుకుని నా మొహం మీద ఊస్తాడు. నేను బాబోయ్ అని ఇల్లంతా పరిగెడతాను. వాడు పడీ పడీ నవ్వుతాడు. నవ్వడం అయ్యాక రెండో చెంచా, అసలు మందు, కిక్కురుమనకుండా మింగుతాడు. నోరు తెరిచి చూపిస్తాడు కూడా."

"రోజూనా?"

"రోజూ. తట్టాం, బెదిరించాం, కొట్టాం కూడా. వాడి పంతం మందు మీద కాదురా, మన మీద. ఒకసారి వాణ్ణి గెలవనిచ్చామంటే ఇక పంతం దేనికి?"

ఊళ్లో తాళాలన్నీ తీసే మనిషి ఇంట్లో ఉమ్మించుకుంటున్నాడా అని టైలరు పగలబడి నవ్వాడు. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. చిల్లర కోసం కూడా ఆగకుండా రోడ్డు దాటి తన కొట్లోకి వెళ్లిపోయాడు.

మర్నాడు సెలూన్ ఆలస్యంగా తెరుచుకుంది. కత్తెర కనుబొమ్మల మీద, చొక్కా కాలరు మీద గులాబీ మరకలు. మొహం మాత్రం వెలిగిపోతోంది. మింగిందా అని మాస్టారు అడిగితే, మింగింది, నోరు తెరిచి చూపించింది, రేపు కూడా పరిగెత్తాలని ఇప్పుడే మాట తీసుకుంది అన్నాడు.

బాబాయి కాస్త జంకుతూనే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గుడ్డ కట్టేదాకా నోరు మెదపలేదు. కట్టగానే మాత్రం ఆగలేకపోయాడు. ఆ మొసలి రాత్రి మళ్లీ కబురు పెట్టిందనీ, ఈసారి దాని పిల్లకి దగ్గనీ ఎత్తుకున్నాడు.

"ఇంకా ఆ మొసలేనా? ఎవరు చూశారయ్యా దాన్ని?" అన్నారు మాస్టారు.

కత్తెర బాబాయి గడ్డానికి నురుగు పూస్తూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"నేను చూశానండీ మాస్టారూ. బకెట్టు పట్టుకున్నది నేనే."