రెండు గుట్టల నడుమ

(సిద్దిపేటలో, ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైన లింగమూర్తి ఇల్లు. ఒకప్పుడు ఆయన దగ్గర డిగ్రీ చదివిన మనీష ఢిల్లీ నుంచి వచ్చింది.)

“బస్సు సంగతి తర్వాత చెప్పు మనీషా. ప్రయోగం అయిందా, కాలేదా?”

“అయింది సార్. కొమురవెల్లి కమాన్ కాడ ఎంత జనమో...”

“జాతర గద, ఉంటరు. మీ ఢిల్లీ ల్యాబుల యాక్సిలరేటర్ మిషన్ మంచిగ నడిచిందా?”

“నడిచింది సార్. మీరు చాయ్ తాగుండ్రి, సల్లగైతుంది.”

“కానియ్. నడిమి గుట్ట కనబడ్డదా?”

“రాజం మేడం పోయినంక వంట మీరే చేసుకుంటున్నరట గద సార్?”

“ఒక్కనికి ఏం వంట. ఇంత అన్నం, ఇంత చారు. క్లాసుల నేను బోర్డు మీద గీసిన బొమ్మ యాదికుందా?”

“ఎందుకుండదు సార్? యురేనియం పగిలితే ఒక పెద్ద ముక్క, ఒక చిన్న ముక్క. ఏ బరువు ముక్కలు ఎన్ని వచ్చినయో గీస్తే రెండు గుట్టలు. నడుమ లోయ.”

“ఆ లోయల?”

“మీకు కనబడ్డ మూడో గుట్ట. చిన్నది.”

“నాకొక్కనికే కనబడ్డది. నీకు?”

“లేదు సార్.”

“లేదంటే? ఎట్ల కొలిచినవు? డిటెక్టర్లు ఎన్ని?”

“రెండు. ఎదురెదురుగ. ముక్కలు రెండూ ఒక్కసారే తాకితెనే లెక్కల పట్టుకున్నం.”

“యురేనియం పూత మందముంటే ముక్కలు దాంట్లనే నెమ్మదిస్తయి. బరువు తప్పొస్తది.”

“పలుచగనే చేయించిన సార్.”

“డిటెక్టర్లు సరిగ చూపిస్తున్నయని ఏం నమ్మకం?”

“ముందుగాల దానంతటదే పగిలే కాలిఫోర్నియం పెట్టి చూసినం. అందరికీ తెలిసిన లెక్కనే వచ్చింది. ఇంకోసారి గూడ చేసిన సార్. మీ గుట్ట రావాలె, రావాలె అనుకుంటనే చేసిన. రాలే.”

“మరి నాకెట్ల వచ్చింది? కావాలని రాసుకోలే బిడ్డా నేను.”

“తెలుసు సార్. మీరు ముక్కల్ని అల్యూమినియం రేకు మీద పట్టి, వాటి గామా కిరణాలు కొలిచిన్రు గద. రెండు వేర్వేరు పదార్థాల గామా గీతలు పక్కపక్కకే ఉన్నయి. అప్పటి డిటెక్టర్‌కు ఒక్కటిగ కనబడ్డయి. అందుకే నడిమి బరువు ముక్కలు ఎక్కువున్నట్టు లెక్కొచ్చింది. నేను గూడ మీ తీరుగనే రేకు మీద పట్టి, కొత్త డిటెక్టర్ ముందు పెట్టి చూసిన. విడివిడిగ వచ్చినయి.”

“పక్కపక్కకే...”

“మీ తప్పు కాదు సార్.”

“తప్పే. రీసెర్చ్ పేపర్ నా పేరుతోని అచ్చయింది గద.”

“ఫోన్ల చెప్పబుద్ది కాలే. అందుకే వచ్చిన.”

“అచ్చయిన కొత్తల నాకు నిద్ర రాకపోతుండె. ఎవరో ఒకరు కొట్లాటకొస్తరు, గట్లెట్ల వస్తదని అడుగుతరు అనుకున్న. సైంటిస్టుల మీటింగుకు పోయి, నా గుట్ట బొమ్మ అతికిచ్చిన పోస్టర్ కాడ పొద్దంత నిలబడ్డ. ఒకాయన వచ్చిండు.”

“ఏమన్నడు సార్?”

“భోజనాలు ఏడ పెడుతున్నరని అడిగిండు.”

“సార్...”

“రాజం రోజూ అడుగుతుండె, ఎవరన్న జాబు రాసిన్రా అని. కొన్నేండ్లకు ఆమె గూడ అడుగుడు బంద్ చేసింది. గీడ పిల్లలకు ఏటేటా బోర్డు మీద గీస్తుంటి. మూడో గుట్ట దాకా గీసి, ఆగి, వెనుకకు తిరిగి చూస్తుంటి. ఎవరన్న చెయ్యెత్తుతరేమో అని. తల వంచుకొని రాసుకుంటుండె అందరు.”

“నేను గూడ రాసుకున్న సార్.”

“నువ్వు గూడ.”

“ఏమనుకోకుండ్రి సార్. నేను పోయొస్త. మిరుదొడ్డిల అవ్వ ఎదురుచూస్తుంటది.”

“గప్పుడేనా?”

“మిమ్ముల బాధపెట్టిన.”

“బాధెక్కడిది బిడ్డా? నా గుట్ట నిజంగ ఉన్నదా, లేదా అని ఇన్నేండ్లల్ల ఒక్కరన్న కొలిచి చూడలే. నువ్వు చూసినవు. కూసో. అవ్వకు నేను ఫోన్ చేస్త. మొదటిసంది మళ్ల చెప్పు.”