మైనస్ పది నైట్రేటు

బొబ్బిలి బస్టాండు ఎదుట దుర్గ టీకొట్టు బల్ల మీద ఎల్లాజీ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడంటే ఆ పూట టీలు రెండింతలు అమ్ముడుపోతాయి. మోటార్లు బాగుచేయడం అతని పని. చేపల తొట్లు చూడటం ఈమధ్య నేర్చుకున్నాడు. కోతలు మాత్రం పుట్టుకతో వచ్చాయి.

ఆరోజు సిమెంటుకొట్టు ధనరాజ్ దిగులుగా వచ్చి కూర్చున్నాడు. కొట్లో ఉప్పునీటి తొట్టి పెట్టి పగడాలు పెంచుతున్నాడాయన. నీళ్లలో నైట్రేటు పెరిగి అద్దాలకు పాచి పట్టింది, పగడాలు ముడుచుకుపోతున్నాయి. నైట్రేటు తగ్గించే గొట్టం, బయోపెల్లెట్ రియాక్టరు, తెప్పించి బిగించాడు గానీ, అందులో వేసే పూసలు ఎన్ని పొయ్యాలో తెలీక ఆగాడు.

"ఓస్, అంతేనేటి మావా!" అన్నాడు ఎల్లాజీ. "ఎస్.కోటలో నగరేశ్వర్రావు గారి బట్టలకొట్టు తొట్టి నానే కదేటి సూసినాను. నైట్రేటు నూరు ఉన్నాది. గొట్టంలో తెల్ల పూసలేసి కిందనుంచి నీరు తోసినాను, గిరగిరా తిరిగినాయి. ఆ పూసల్ని తిని బేక్టీరియా పెరుగుతాది, పెరుగుతా నైట్రేటుని మింగేస్తాది. నురగ తీసే స్కిమ్మరు ఆ బేక్టీరియాని బయటికి లాగేస్తాది. రెండు నెల్లకి నూరు కాస్తా పది!"

"రెండు నెలలా?" ధనరాజ్ మొహం వాడిపోయింది.

ఎదుటివాడి మొహం వాడితే ఎల్లాజీ చూడలేడు.

"అది సిన్న డోసుకి మావా! నానైతే పేకెట్టు పేకెట్టంతా ఒక్కపాలే పోసీసినాను. ఆ తర్వాత ఏటైనాదో తెలుసా? మూడోనాటికి సున్నా. నాలుగోనాడు సూస్తే మైనస్ పది!"

"మైనస్ ఎలగొస్తాదిరా?" అన్నాడు పక్కనున్న రైతు కూర్మయ్య.

"తొట్లో తిండైపోతే బేక్టీరియా ఊరుకుంటాదేటి మరి? గోడవతల ఎరువుల కొట్టు. తెల్లారేసరికి యూరియా బస్తాలన్నీ సదునైపోనాయి. కుట్టు కుట్టుకాడే ఉన్నాది, లోపల గింజ లేదు!"

"మరి పగడాలో?" దుర్గ టీ వంచుతూ అడిగింది.

"మూత పగలగొట్టుకుని లేసినాయి వదినా! ఫేను రెక్కల్ని అందుకున్నాయి. బట్టలకొట్టోళ్లు సీరలన్నీ ఆ కొమ్మలకే ఏలాడదీసినారు. జయపురం నుంచి పెళ్లోళ్లు లారీ ఏసుకొచ్చి, సీరలొద్దు, కొమ్మలే కోసిమ్మన్నారు! నీరు ఎంత తేటగైపోనాదంటే, ఉన్నాదో లేదో సేపలకే తెలీలేదు. ఒక సేపైతే భయపడిపోయి, ఈత మానేసి నడక మొదలెట్టినాది!"

బల్ల ఊగేలా నవ్వారు. ఎల్లాజీ మీసం దువ్వుకున్నాడు. అప్పుడు చూశాడు, ధనరాజ్ నవ్వడం లేదు. కొట్లో ఉన్న కూతురికి ఫోను కలిపి చెవికి పెట్టుకున్నాడు.

"పింకీ, ఆ పూసల పేకెట్టుందే, మొత్తం పోసెయ్ అమ్మా. ఆఁ, అంతా. ఒక్కసారే."

ఎల్లాజీ గ్లాసు బల్ల మీద పడేశాడు. ఒక్క గెంతులో ఫోను లాక్కున్నాడు.

"వద్దమ్మా! ముట్టుకోకు! పోసీసినావేటి?"

"కత్తెర ఎతుకుతన్నాను," అంది పింకీ.

"ఎతకొద్దు తల్లీ, కూకో!"

ఫోను తిరిగిచ్చాడు. అందరూ అతన్నే చూస్తున్నారు.

"అదేంటి? నువ్వు పోశావుగా?" అన్నాడు ధనరాజ్.

"పోసినాను మావా. అదొక్కటే నిజం. మర్నాటికి నీరు పాలలాగ అయిపోనాది. బేక్టీరియా ఒక్కపాలి పెరిగిపోయి నీట్లో గాలంతా లాగేసినాది. సేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిసినాయి. నాను ఎల్లేసరికి ఒక్క సేపా మిగల్లేదు. నగరేశ్వర్రావు గారు మరి నన్ను గుమ్మమెక్కనియ్యలేదు."

"ఆ గోడవతల ఉన్నది మంగలికొట్టురా," అన్నాడు కూర్మయ్య మెల్లగా. "ఎస్.కోటలో కూతురింటికి ఎల్లినప్పుడల్లా నాను గెడ్డం గీయించుకునేది అక్కడే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ధనరాజ్ గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"ఎంత పొయ్యాలో ఇప్పుడు తెలుసా నీకు?"

"తెలుసు మావా. పేకెట్టు మీద సెప్పిన కొలతలో సగం పోసి, వారం వారం కొంచెం కలపాల. రియాక్టరు నీరు తిన్నగా స్కిమ్మరుకాడికే ఎల్లాల." రెండు వేళ్లు చూపించి అన్నాడు, "రెండు నెల్లు పడతాది."

"పడనీ," అన్నాడు ధనరాజ్ తాళాలు తీస్తూ. "లే, బండెక్కు."