దూరమా?

ఒంటేలుకు పోవడానికి ఆదోని బస్సును దారిలో ఆపరని, ఆస్పరి బస్టాండులో కూచున్న ముసలాయన పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు ముట్టలేదు. పక్కన మేనల్లుడు ఆస్పత్రి సంచి పట్టుకుని ఉన్నాడు.

"రాత్రి ఎన్ని తూర్లు లేస్తావో డాక్టరుకు నిజం సెప్పు మామా."

"నాలుగు. ఒగోసారి ఐదు. నిద్రనేది మర్సేపోయినానప్పా."

"అత్త ఉన్నప్పుడు గూడా ఇంతేనా?"

"ఇంతే. నేను లేసినప్పుడల్లా దానికీ మెలకువే. యాడికని అడిగితే అపశకునమని, 'దూరమా?' అనేది. దొడ్లేకి పోయేదానికి గూడా శకునమేందే అని కసురుకుంటాంటి."

"పాపం, అత్తకూ నిద్ర ల్యాకపాయ."

"పదేండ్లు ల్యాకపాయ. ఆ పొద్దు మాత్రం నాలుగు తూర్లు లేసినా, ఒగ తూరీ అడగల్యా."

"ఏ పొద్దు మామా?"

బస్సు వచ్చి ఆగింది. ముసలాయన లేవలేదు.

"సంతోషపడినానప్పా. ఇన్నాళ్లకు కండ్లు మూతబడినాయి పాపమని, నాలుగు తూర్లూ సప్పుడు గాకుండా దాటుకోని పోయినాను. తెల్లారి లేపబోతే ఒళ్లు సల్లగుండె. ఏ తూరికి పోయిందో నాకు తెల్దు."